ఖాళీ నేల అనేది ఎక్కడా లేదు: ఒక ఎడారి పొద చెప్పే చరిత్ర



ఇవాళ్టి పోస్టు కాస్త పెద్దది. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి, కానీ చివరిదాకా చదవండి. చివర్లో మనందరికీ ఒక పని ఉంది.

నేను హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో సోషల్ సారు ఎడారి పాఠం చెప్తూ "ఎడారి అంటే ఏమీ ఉండని చోటు, రాసుకోండి" అన్నారు. రాసుకున్నాం. పరీక్షలో కూడా అదే రాశాం, మార్కులు పడ్డాయి. చాలా ఏళ్ల తర్వాత మా గూడెం వెనక గుట్ట గురించి ఒక కాగితంలో "నిరుపయోగ భూమి" అని రాసి ఉండటం చూశాను. ఆ గుట్ట మీదే మా అమ్మ చీపురు గడ్డి కోసేది. మా తాత తేనె తీసేవాడు. మేం మేకలు కాసేవాళ్లం. ఉపయోగం లేనిది ఎవరికి అని అడగాలనిపించింది. అప్పుడే ఆ ఎడారి పాఠం మళ్లీ గుర్తొచ్చింది.

"అక్కడ ఏమీ లేదు" అనే మాట చిన్న మాట కాదు. చరిత్రలో చాలా చోట్ల నేల పోవడం ఆ మాటతోనే మొదలైంది. ఇది అర్థం కావడానికి ఇవాళ ఒక పొద కథ చెప్పుకుందాం. ఇది మన దేశపు మొక్క కాదు, అమెరికా ఎడారుల్లో పెరిగేది. కానీ ఆ ఎడారుల్లో ఉండేది కూడా ఆదివాసులే కాబట్టి కథ మనకి కొత్తగా అనిపించదు.

పల్లేరుకి చుట్టం

అమెరికా నైరుతి భాగంలో, మెక్సికో ఉత్తర భాగంలో మూడు పెద్ద ఎడారులున్నాయి: మొహావీ, సొనోరా, చివావా. ఈ మూడింట్లోనూ కనుచూపు మేర ఒకే పొద కనిపిస్తుంది. నడుమెత్తు నుంచి మనిషికి మించిన ఎత్తు దాకా పెరుగుతుంది. ఆకులు చాలా చిన్నవి, రెండేసి అతుక్కుని ఉంటాయి. వాటి మీద వార్నిష్ పూసినట్టు మెరిసే జిగురు ఉంటుంది. వాన పడ్డాక పొదంతా అయిదు రేకుల పసుపు పూలు పూస్తుంది. పూలు రాలాక తెల్లని నూగుతో చిన్న కాయలు కాస్తాయి.

శాస్త్రవేత్తలు దీన్ని లారియా ట్రైడెంటాటా అంటారు. మనకి బాగా తెలిసిన చుట్టం ఒకటి ఉంది దీనికి. చేలల్లో కాళ్లకి గుచ్చుకునే పల్లేరు ఉంది కదా, వృక్షశాస్త్రం లెక్కలో రెండూ ఒకే కుటుంబం. పల్లేరు పువ్వుని ఈసారి కిందకి వంగి చూడండి, అదీ అయిదు రేకుల పసుపు పువ్వే.

మనకి తొలకరి అంటే మట్టి వాసన. ఆ ఎడారిలో వాళ్లకి వాన వాసన అంటే ఈ పొద వాసన. ఆకుల మీది జిగురు తడవగానే గాలి అంతా అదే నిండిపోతుంది. అక్కడ పుట్టి పెరిగి ఎక్కడో పట్నంలో ఉంటున్నవాళ్లు ఇల్లు గుర్తొస్తే ఆ వాసన గురించే చెప్తారు.

ఇక పేర్ల సంగతి చూడండి. ఇంగ్లీషు వాళ్లు దీన్ని క్రియోసోట్ బుష్ అన్నారు. క్రియోసోట్ అంటే రైలు పట్టాల కింద వేసే చెక్క దిమ్మెలు పుచ్చిపోకుండా పూసే నల్లటి నూనె. పొదలో ఆ నూనె ఏమీ లేదు, వాసన అలా ఉందని వాళ్లకి తోచింది, అంతే. స్పానిష్ వాళ్లు పెట్టిన ఒక పేరుకి అర్థం "చిన్న కంపుది". ఇంకో పేరుకి అర్థం "ఏలే ఆమె", ఎందుకంటే నేల మొత్తాన్ని అదే ఏలుతున్నట్టు ఉంటుంది.

సొనోరా ఎడారిలో వేల ఏళ్లుగా ఉన్న ఓధమ్ ప్రజలు మాత్రం దీన్ని షెగోయ్ అంటారు. వచ్చినవాళ్లకి కంపు. ఉన్నవాళ్లకి వాన. ఒకే మొక్క. మనం కూడా ఇక్కడి నుంచి షెగోయ్ అనే పిలుద్దాం.

సృష్టిలో మొదటి మొక్క

ఓధమ్ ప్రజల్లో రెండు పెద్ద శాఖలున్నాయి. తొహొనో ఓధమ్ అంటే ఎడారి జనం. అకిమెల్ ఓధమ్ అంటే నది జనం. నది జనాన్ని బయటివాళ్లు పీమా అని పిలిచేవాళ్లు. 1900ల మొదట్లో ఫ్రాంక్ రస్సెల్ అనే పరిశోధకుడు వాళ్ల దగ్గర కొన్నాళ్లు ఉండి వాళ్ల కథలు రాసుకున్నాడు. ఆ పుస్తకం 1908లో వచ్చింది. అందులో సృష్టి కథ ఒకటి ఉంది. నా మాటల్లో చెప్తాను.

మొదట్లో అంతా చీకటే. ఆ చీకటిలో భూమిని చేసే వైద్యుడు ఒక్కడే తేలుతూ ఉన్నాడు. తన రొమ్ము మీది మట్టిని రుద్ది తీసి, చిన్న బిళ్లలా చేసి, ఏదో ఒక మొక్కని రమ్మని పిలిచాడు. అప్పుడు వచ్చింది షెగోయ్. తర్వాత ఆయన నల్లని చిన్న పురుగుల్ని చేశాడు. అవి ఆ పొద మీద బంక తయారు చేశాయి. ఆ తర్వాత చెదపురుగుని చేశాడు. ఆ చెదపురుగు మట్టిబిళ్ల మీద పని చేస్తూ చేస్తూ దాన్ని ఇవాళ్టి భూమి అంత పెద్దది చేసింది.

మొక్క, బంక పురుగు, చెదపురుగు. సూర్యుడు, చంద్రుడు ఇంకా రాలేదు, మనిషీ రాలేదు. ముందు ఈ మూడే.

చదువుకున్నవాళ్లు దీన్ని "పుక్కిటి పురాణం" అని పక్కన పెట్టేయొచ్చు. కాస్త ఆగండి. ఆ ఎడారిలో శాస్త్రవేత్తలు తర్వాత ఏం చూశారో చెప్తాను, అప్పుడు ఈ మూడూ ఎందుకు ముందు వచ్చాయో మీకే తెలుస్తుంది.

పొద కింద ఊరు

మన అనంతపురం కరువు జిల్లా అంటాం. అక్కడ ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్ల వాన పడుతుంది. షెగోయ్ బతికే చోట్లలో కొన్నింట్లో 10 సెంటీమీటర్లు పడితే గొప్ప. రెండేళ్లు చుక్క లేకపోయినా ఈ పొద తట్టుకుంటుంది. ఆకుల మీది జిగురు నీళ్లని పోనివ్వదు. మరీ ఎండ ముదిరితే ఆకులు, కొమ్మలు కొన్ని తనే రాల్చేసి, మిగిలినవాటిని కాపాడుకుంటుంది.

అది బతకడం ఒక్కటే అయితే ఇంత కథ అక్కర్లేదు. అది మిగతావాటిని బతికిస్తుంది.

ఎడారి గాలి మట్టిని, గింజల్ని, ఎండుటాకుల్ని కొట్టుకుపోతుంది. పొద అడ్డం వస్తే అవి దాని మొదట్లో ఆగుతాయి. కొన్నేళ్లకి అక్కడ చిన్న దిబ్బ తయారవుతుంది. బయట నేల కంటే ఆ దిబ్బలో సారం ఎక్కువ, నీడ ఎక్కువ, వాన నీళ్లు ఇంకడం ఎక్కువ. అందుకే చాలా చిన్న మొక్కలు పొద నీడనే మొలుస్తాయి. రాత్రి పూట మాత్రమే పూసే ఒక సన్నని జెముడు మొక్క ఉంది. అది ఇలాంటి పొదల మధ్యే దాక్కుని పెరుగుతుంది, ఎండుకొమ్మలాగే ఉంటుంది కాబట్టి పూస్తే తప్ప కనపడదు. దాని దుంప అక్కడి జనానికి తిండి, మందు.

పొద వేళ్లు మట్టిని పట్టుకుని ఉంటాయి కాబట్టి కింద బొరియ తవ్వితే కూలిపోదు. ఎడారి తాబేలు, గెంతే ఎలుకలు అక్కడే ఇళ్లు కట్టుకుంటాయి. ఒక మిడత జాతి అయితే ఈ ఆకు తప్ప ఇంకేదీ తినదు. పూల మీద వాలే తేనెటీగ జాతులే వందకి పైగా ఉన్నాయి. వాటిలో ఇరవైకి పైగా జాతులు పుప్పొడి కోసం ఈ ఒక్క పువ్వు మీదే ఆధారపడతాయి. మనకి తెలిసిన తేనెపట్టు ఈగలు కావు అవి, నేలలో బొక్కలు చేసుకుని ఒంటరిగా బతికే ఈగలు.

రాలిన ఆకు, ఎండిన పుల్ల మళ్లీ మట్టిలో కలవాలంటే తడి ఉండాలి. అక్కడ తడి లేదు. మరి ఎవరు కలుపుతారు? చెదపురుగులు. ఎడారిలో ఎండు పుల్లని మట్టిగా మార్చే పని ఎక్కువ భాగం చెదలదేనని చివావా ఎడారిలో ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో తేలింది. ఇప్పుడు సృష్టి కథ మళ్లీ గుర్తు తెచ్చుకోండి. ఆ మట్టిబిళ్లని పెంచింది ఎవరు?

బంక సంగతి కూడా ఉంది. షెగోయ్ కొమ్మల మీద ఒక చిన్న పురుగు లక్క పెడుతుంది. లక్క అంటే మనకి కొత్తా? మోదుగ చెట్టు మీద, రేగు చెట్టు మీద లక్క తీసి అమ్ముకునే ఆదివాసులు జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వైపు ఇప్పటికీ లక్షల్లో ఉన్నారు. ఆ పురుగూ ఈ పురుగూ ఒకే కుటుంబం. మనవాళ్లు లక్కని గాజులకీ సీలు వేయడానికీ ఇచ్చారు. అక్కడివాళ్లు బాణం మొనని కర్రకి అతికించడానికి, పగిలిన కుండ అతకడానికి, గింజలు దాచిన కుండ మూతి గాలి చొరకుండా మూయడానికి వాడారు. ఒకళ్లకొకళ్లు తెలియకుండా సముద్రాలకి అటూ ఇటూ ఆదివాసులు ఒకే పని కనిపెట్టారు.

ఎలుక దాచిన చరిత్ర

ఈ పొద అక్కడ ఎప్పటి నుంచి ఉంది? ఇది చెప్పింది ఎలుక.

ఆ ఎడారుల్లో ఒక రకం ఎలుక దొరికిన ఆకు, పుల్ల, ముల్లు అన్నీ తెచ్చి రాతి సందుల్లో కుప్ప పెడుతుంది. దాని మూత్రం ఎండి ఆ కుప్ప రాయిలా గట్టిపడుతుంది. పొడి గాలిలో అలాంటి కుప్ప వేల ఏళ్లు చెక్కుచెదరదు. 1960ల నుంచి శాస్త్రవేత్తలు ఈ కుప్పల్ని పగలగొట్టి, లోపలి ఆకుల వయసు లెక్కకట్టడం మొదలుపెట్టారు. దాంతో తెలిసిందేంటంటే, మంచుయుగం చివర్లో షెగోయ్ దక్షిణాన కొలరాడో నది దిగువ ప్రాంతంలో ఉంది. వేడి పెరిగేకొద్దీ మెల్లగా ఉత్తరానికి, మొహావీ దాకా పాకింది. దీనికి అతి దగ్గరి చుట్టం అర్జెంటీనా ఎడారుల్లో ఉంది కాబట్టి, ఇంకా ముందు దీని పూర్వీకులు దక్షిణ అమెరికా నుంచి వచ్చి ఉంటారని అంటారు.

అంత పాతకాలంలో మనుషులున్నారా? న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ దగ్గర దొరికిన మనిషి అడుగుజాడలు 21 వేల నుంచి 23 వేల ఏళ్ల నాటివని 2021లో ఒక పరిశోధన వచ్చింది. దాని మీద వాదనలు జరిగాయి, 2023లో మళ్లీ వేరే పద్ధతిలో చూసినా అదే లెక్క తేలింది. అంటే ఈ ఎడారి ఎడారిగా మారడం, ఈ పొద ఉత్తరానికి నడవడం, ఆదివాసుల పూర్వీకులు చూస్తుండగానే జరిగింది.

ఇంకో లెక్క వినండి. కాలిఫోర్నియాలో లూసెర్న్ వ్యాలీ దగ్గర పొదలు గుండ్రంగా, వలయంలా పెరిగిన చోట్లున్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్రాంక్ వాసెక్ వాటిని పరిశీలించి 1980లో ఒక వ్యాసం రాశాడు. ఆ వలయంలో ఉన్నవి వేరువేరు పొదలు కావట. ఒకే గింజ నుంచి వచ్చిన ఒకే మొక్క. మధ్యలో పాత కాండం చనిపోతూ, అంచుల్లో కొత్త కాండాలు పుడుతూ, ఏడాదికి మిల్లీమీటరు కన్నా తక్కువ చొప్పున బయటికి జరిగింది. అన్నిటికన్నా పెద్ద వలయం పొడవు సుమారు 20 మీటర్లు. దాని వయసు సుమారు 11,700 ఏళ్లని ఆయన అంచనా వేశాడు. దానికి కింగ్ క్లోన్ అని పేరు పెట్టారు.

పిరమిడ్లు కట్టేనాటికే ఆ మొక్క వయసు ఏడు వేల ఏళ్లు దాటింది. అది మొలిచినప్పుడు ప్రపంచంలో ఎక్కడా రాజ్యం లేదు, పట్టా లేదు, సరిహద్దు లేదు.

గీత గీసినవాళ్లు

1853 డిసెంబర్ 30న అమెరికా, మెక్సికో ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాయి. దాన్ని గాడ్స్‌డెన్ కొనుగోలు అంటారు. కోటి డాలర్లకి సుమారు 77 వేల చదరపు కిలోమీటర్ల నేల చేతులు మారింది. అమెరికాకి అది కావాల్సింది ముఖ్యంగా రైలు మార్గం కోసం. ఆ నేలలో ఓధమ్ ప్రజల ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, సమాధులున్నాయి. వాళ్లని ఎవరూ అడగలేదు. కొత్త సరిహద్దు గీత వాళ్ల మధ్య నుంచే పోయింది. ఇవాళ్టికీ తొహొనో ఓధమ్ ప్రజలు రెండు దేశాల్లో చీలి ఉన్నారు. అమెరికా వైపు వాళ్లకి మిగిలిన ప్రాంతం సుమారు 28 లక్షల ఎకరాలు, దాని అంచున వంద కిలోమీటర్ల అంతర్జాతీయ సరిహద్దు. బయటివాళ్లు పెట్టిన పపాగో అనే పేరు తీసేసి, తమ అసలు పేరుని అధికారికంగా తెచ్చుకోవడానికి 1986 దాకా పట్టింది.

రైలు 1880లో టూసాన్ పట్నానికి వచ్చింది. రైలు వెంట పశువుల కంపెనీలు వచ్చాయి. మొహావీ లోపల, సొనోరా పల్లపు నేలల్లో షెగోయ్ ముందు నుంచీ ఉన్నదే. కానీ దక్షిణ అరిజోనాలో, న్యూమెక్సికోలో ఎత్తైన చోట్ల అప్పట్లో గడ్డి మైదానాలుండేవి. కంపెనీలు ఆ గడ్డి మీదికి మందల్ని తోలాయి. 1891 నుంచి 1893 దాకా కరువొచ్చింది. దక్షిణ అరిజోనాలో సగానికి పైగా పశువులు చచ్చిపోయాయి. చచ్చేముందు గడ్డిని వేళ్లతో సహా తినేశాయి. గడ్డి పోయిన చోట మట్టి కొట్టుకుపోయింది. ఆ ఖాళీలోకి షెగోయ్, ఇంకో ముళ్ల చెట్టు మెస్కీట్ వచ్చాయి.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. న్యూమెక్సికోలో హోర్నాడా అనే చోట ప్రభుత్వ పరిశోధన క్షేత్రం 1912 నుంచి ఉంది. 1858 నాటి సర్వే పుస్తకాల్లో గడ్డి ఉందని రాసిన నేలల్ని తర్వాతి సర్వేలతో పోల్చి చూస్తే, వందేళ్లలో గడ్డి పోయి పొదలు నిండినట్టు తేలింది. అక్కడ షెగోయ్ వల్ల మేలే జరిగిందని నేను చెప్పను. పొదకీ పొదకీ మధ్య నేల బోడిగా ఉండి కోత పడుతోంది, అది నిజమే. కానీ గడ్డిని తిన్నది పొద కాదు. పశువుల్ని తోలింది పొద కాదు.

అయినా నింద ఎవరి మీద పడింది? పొద మీద. "నేలని ఆక్రమించిన కలుపు" అన్నారు. ట్రాక్టర్లతో పెళ్లగించారు, విమానాల నుంచి కలుపు మందు చల్లారు. ఒక చోట "ఏమీ లేదు" అనడం, ఇంకో చోట "ఆక్రమించింది" అనడం. పోడు చేసుకునే మనవాళ్లకి ఈ రెండు మాటలూ బాగా తెలుసు. ఒకే మనిషిని ఒక కాగితంలో లేనట్టు, ఇంకో కాగితంలో ఆక్రమణదారుడిగా రాస్తారు.

ఆకు తీసుకెళ్లారు, పద్ధతి వదిలేశారు

ఓధమ్, కవియా లాంటి ఎడారి తెగలకి షెగోయ్ ఇంటి మందు. గాయాలకి, కీళ్ల నొప్పులకి, జలుబుకి ఆకు కాచి కాపడం పెట్టడం, ఆవిరి పట్టడం, పలచని కషాయం కొద్దిగా తాగడం వాళ్ల పద్ధతులు. 1940లలో రసాయన శాస్త్రవేత్తలు ఆ జిగురులోని ఒక పదార్థాన్ని వేరు చేశారు. నూనెలు, కొవ్వులు చెడిపోకుండా తిండి పదార్థాల్లో కలిపారు. కొన్నేళ్లకి జంతువుల మీద పరీక్షల్లో మూత్రపిండాలకి హాని కనపడటంతో మానేశారు.

తర్వాత ఎండబెట్టిన ఆకు పొడిని మాత్రలుగా చేసి దుకాణాల్లో అమ్మకం మొదలైంది. రోజూ మింగినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతింది. 1992లో అమెరికా ప్రభుత్వం దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: ఆదివాసీ మందు కాబట్టి ఎంత తీసుకున్నా మంచిదే అనుకోవడం కూడా తప్పే. మన పసరు మందు ఇచ్చే తాతలు, అవ్వలు ఎంత ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో ముందు చెప్తారు. మొక్కని పట్టుకుపోయినవాళ్లు ఆ మాట వినలేదు.

యంత్రాలు వచ్చాక

1942 నుంచి 1944 దాకా అమెరికా సైన్యం కాలిఫోర్నియా, అరిజోనా ఎడారిలో లక్షల మంది సైనికులకి శిక్షణ ఇచ్చింది. జనరల్ ప్యాటన్ ఆ చోటు ఎంచుకున్నాడు. అప్పటి ట్యాంకుల చక్రాల గీతలు ఎనభై ఏళ్ల తర్వాత ఇప్పటికీ నేల మీద కనిపిస్తున్నాయి. అడవిలో కొట్టేసిన చోట నాలుగు వానలకి చిగురొస్తుంది. అక్కడ అలా కాదు. వలయం మిల్లీమీటరు జరగడానికి ఏడాది పైన పడుతుంది, బుల్డోజరుకి ఒక ఉదయం చాలు.

2010 తర్వాత అదే ఎడారిలో పెద్దపెద్ద సోలార్ ప్లాంట్లు వచ్చాయి. సోలార్ కరెంటు అవసరమే, కాదనను. కానీ ఇళ్ల కప్పులు, పాడైపోయిన పొలాలు ఉండగా వేల ఎకరాల పాత పొదల్ని ఎందుకు పెరికారంటే, అదే జవాబు: అక్కడ ఏమీ లేదు కదా. ఒక ప్లాంటు తవ్వకాల్లో పాతకాలపు రాతి తిరుగళ్లు బయటపడ్డాయి. కొలరాడో నది ఆదివాసీ తెగలు 2012లో కోర్టుకి వెళ్లాయి. ప్లాంటు ఆగలేదు. 2020లో సరిహద్దు గోడ కోసం తొహొనో ఓధమ్ ప్రజలు పవిత్రంగా చూసుకునే కొండని పేల్చారు. వాళ్లు మొత్తుకున్నా వినలేదు.

అన్నీ ఓటములే అనుకోకండి. మొహావీ ప్రాంతపు తెగలు ఏళ్ల తరబడి పోరాడగా 2023 మార్చిలో నెవాడా రాష్ట్రంలో అవీ క్వా ఆమే అనే పవిత్ర పర్వతం చుట్టూ 5 లక్షలకి పైగా ఎకరాలు జాతీయ స్మారక ప్రాంతం అయ్యాయి. 2025 జనవరిలో కాలిఫోర్నియాలో చక్వల్లా అనే చోట ఇంకో 6 లక్షల 24 వేల ఎకరాలు అయ్యాయి. నేల యజమాని ప్రభుత్వమే, అది మారలేదు. కానీ ఆ నేల గురించి మాట్లాడేటప్పుడు తెగల్ని పక్కన కూర్చోబెట్టుకోక తప్పని పరిస్థితి వచ్చింది.

ఎలా వచ్చింది? ఈ కొండ పేరు ఇది, ఈ దారి ఇక్కడికి పోతుంది, ఈ మొక్క మాకు ఇందుకు పనికొస్తుంది అని ఒక్కొక్కటి చెప్పగలిగారు కాబట్టి. బడుల్లో వాళ్ల భాష మాట్లాడితే శిక్షించిన రోజులున్నాయి. అయినా భాష బతికింది. తొహొనో ఓధమ్ ఆడబిడ్డ ఒఫేలియా జెపెడా పెద్ద చదువులు చదివి 1983లో తన భాషకి వ్యాకరణ పుస్తకం రాసింది. షెగోయ్ అనే మాట ఇవాళ మన దాకా వచ్చిందంటే అలాంటివాళ్ల పుణ్యమే.

మన పని

మన దేశంలో కూడా "భారత బంజరు భూముల అట్లాస్" అని ఒకటుంది. మన హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో తయారు చేసింది. అందులో బంజరు రకాల్లో ఒకటి "పొదలున్న భూమి". పైనుంచి చూస్తే పొదే కనపడుతుంది. ఆ పొద తంగేడా, బలుసా, పరికా అనేది ఉపగ్రహానికి తెలియదు. ఆ పొద మనకి పువ్వా, పండా, మందా, మేకకి మేతా అనేది అసలే తెలియదు. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు. బతుకమ్మ మీద ఉంటే పూజ, గుట్ట మీద ఉంటే బంజరు.

ఆ సంగతి తెలిసింది మన అవ్వలకి, తాతలకి. వాళ్లు పోతే దానితో పాటు పోతుంది.

ఇది బాధపడటానికి చెప్పడం లేదు. అటవీ హక్కుల చట్టం 2006 కింద వచ్చిన నిబంధనల్లో 13వది తీసి చదవండి. సామూహిక అటవీ హక్కు అడిగేటప్పుడు ఏవేవి సాక్ష్యంగా పెట్టొచ్చో అందులో ఉంది. దుంపలు, మేత, అడవి పండ్లు, చిన్నతరహా అటవీ ఉత్పత్తులు తెచ్చుకునే చోట్లు సాక్ష్యమే. పెద్దలు చెప్పిన మాట రాసి పెడితే అదీ సాక్ష్యమే. అంటే మీ అవ్వ చెప్పే మొక్క పేరు కథ కోసం మాత్రమే కాదు, గ్రామసభ ముందు పెట్టే కాగితం కూడా.

అందుకని ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకెళ్లండి. ఊరి చుట్టూ ఒక గుట్టనో, ఒక వాగు గట్టునో ఎంచుకోండి. పెద్దవాళ్లని వెంట తీసుకుని నడవండి. కనపడిన ప్రతి పొద పేరు మీ భాషలో రాయండి, గోండీ అయినా, కోయ అయినా, సవర అయినా, కొలామీ అయినా, లంబాడీ అయినా. ఏ నెలలో పూస్తుంది, ఎవరు తెచ్చుకుంటారు, దేనికి వాడతారు, ఏ చోట దొరుకుతుంది, ఈ నాలుగూ రాయండి. చెప్పినవాళ్ల పేరు, తేదీ రాసి వేలిముద్రో సంతకమో తీసుకోండి. ఒక కాపీ గ్రామసభకి ఇవ్వండి.

ఈసారి ఎవరైనా మీ గుట్ట గురించి "అక్కడ ఏమీ లేదు" అంటే ఆ పుస్తకం తీసి ముందు పెట్టండి.

మీ ఊరి మొదటి పేరు ఇక్కడే కింద రాయండి. నాది నేను రాస్తున్నాను.

జై జోహార్.